మామయ్య రాసిన సర్కసు నవల

మా పెద్ద మామయ్య రాసిన నవల ఐదు నోటు పుస్తకాలుగా నా బీరువాలో ఉంది. ఆయన రాసినవి ఆరు. నాలుగో పుస్తకం ఎలా పోయిందో ముందుకు వెళ్ళాక చెబుతాను. ఊరూరు తిరిగే ఒక సర్కసు కంపెనీ కథ అది. 1911లో విజయనగరంలో మొదలై 1942 సంక్రాంతి దగ్గర ఆగుతుంది. అచ్చు కాలేదు. మా ఇంటివాళ్ళం కాక దానిని పూర్తిగా చదివినవారు నలుగురైదుగురికి మించరు. అయినా ఆంధ్ర సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉండే పర్లాకిమిడిలో గడిచిన నా బాల్యం గురించి ఎవరు అడిగినా నాకు ముందుగా గుర్తుకు వచ్చేది గజపతుల కోట కాదు, రథయాత్ర కాదు. సర్కసు ఎత్తేసిన మర్నాడు ఖాళీ మైదానంలో మామయ్య చేతిలో తాడు ఒక కొస, నా చేతిలో రెండో కొస.

మామయ్య పర్లాకిమిడి స్టేషనులో పార్సెల్ గుమాస్తా. అప్పటికి మాది చిన్న రైలు, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచేది. రాజావారి చొరవతో పడిన ఆ లైను 1900లో నౌపడ నుంచి మా ఊరి వరకు వచ్చి, 1931 నాటికి గుణుపురం చేరింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటి బండి మా ఊళ్ళోకి వచ్చేసరికి రాష్ట్రం మారేది గాని పెట్టెలో కూర్చున్నవాళ్ళ మాట మారేది కాదు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో రెండూ, వాటికి తోడు కొండ దిగి వచ్చే సవరల మాట మూడోదిగా వింటూ పెరిగాం మేము. ఆ స్టేషనులో మధ్యాహ్నం బండి వెళ్ళిపోయాక సాయంత్రం బండి వచ్చే వరకు మామయ్యకు పని ఉండేది కాదు. రద్దయిన పార్సెల్ రసీదులను వెనక్కి తిప్పి, వాటి తెల్లటి వైపున ఆయన నవల రాసేవారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని తేటప్రతి రాసే పని నాకు అప్పగించారు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ నవలలో నేను రాసిన తప్పులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మామయ్య ఎర్ర సిరాతో దిద్దిన దిద్దుబాట్లూ అలాగే ఉన్నాయి.

నవల ఆలోచన ఆయన మనసులో ఎన్నాళ్ళ నుంచి ఉందో నాకు తెలియదు గాని, రాత మొదలైంది మాత్రం 1974 పుష్యమాసంలో మా ఊరికి ఒక పెద్ద సర్కసు కంపెనీ వచ్చినప్పుడే. కోతలు అయిపోయి, ధాన్యం అమ్ముకున్న రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఆ రోజుల కోసమే సర్కసువాళ్ళు కాచుకుని ఉండేవారు. వారం ముందు నుంచి రిక్షాకు మైకు కట్టి తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి చాటింపు వేశారు. పచ్చ, గులాబి రంగుల కరపత్రాలు విసిరితే వాటి కోసం వీధి వీధంతా రిక్షా వెంట పరుగెత్తింది. చిన్న రైలు పెట్టెల్లో ఏనుగులు పట్టవు గనుక, నౌపడలో పెద్ద రైలు దిగిన మూడు ఏనుగులను మావటీలు రెండు రాత్రులు రోడ్డు మీద నడిపించుకుంటూ తీసుకువచ్చారు. సుమారు 40 కిలోమీటర్ల దారి. తెల్లవారుజామున అవి మహేంద్రతనయలో దిగి నీళ్ళు చల్లుకుంటున్నాయని కబురు వస్తే, పళ్ళు తోముకుంటున్నవాళ్ళు వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని ఏటి గట్టుకు వచ్చేశారు.

మామయ్య మాత్రం ఏనుగుల దగ్గర ఆగలేదు. నా చెయ్యి పట్టుకుని నేరుగా మైదానానికి నడిచారు. అక్కడ ఇంకా ఏమీ లేదు. మడతలు పెట్టిన గుడ్డ కొండల్లా పడి ఉంది. నడి స్తంభాలు నేల మీద పడుకుని ఉన్నాయి. మధ్యలో ఒక మేకు పాతి, దానికి తాడు కట్టి, ఆ తాడు కొస పట్టుకుని ఒక ముసలాయన వలయం చుట్టూ నడుస్తూ సున్నంతో గీత గీస్తున్నాడు. ఆయన వెనుక ఖలాసీలు వరుసగా ఇనుప మేకులు పెట్టుకుంటూ వస్తున్నారు. ఆ ముసలాయన డేరా మేస్త్రీ అనీ, బొబ్బిలి వైపు మనిషి అనీ, డెబ్బయ్యేళ్ళు దాటాయనీ తరువాత తెలిసింది.

"ఏటి బావూ, అలగ సూస్తన్నారు? ఆట సాయంత్రానికి గాని నేదు" అన్నాడాయన.

"ఆట కోసం రాలేదు తాతా. డేరా ఎత్తడం చూద్దామని వచ్చాను."

ముసలాయన తాడు వదిలేసి మామయ్యను ఎగాదిగా చూశాడు. "అయితే సరైన ఏలకే వచ్చినారు. ఆట సూసినోల్లు శానామంది. డేరా సూడ్డానికి వచ్చినోడు ఇన్నేల్లలో ఒక్కడూ నేడు."

ఆ మాటతో వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా మేము అక్కడే ఉన్నాం. ఒక్కో మేకు చుట్టూ ఐదుగురు ఖలాసీలు నిలబడి సమ్మెటలు ఎత్తి, ఒకరి తరువాత ఒకరుగా దెబ్బ వేస్తున్నారు. ఒకరి సమ్మెట దిగేసరికి మరొకరిది పైకి లేస్తోంది. ఒకడు పాట అందుకుంటే మిగిలినవాళ్ళు దెబ్బతో జవాబు చెబుతున్నారు. నడి స్తంభం నిలబెట్టడానికి దాని తలకు కట్టిన మోకును కప్పీల మీదుగా తీసి ఏనుగు మెడ పట్టీకి తగిలించారు. మావటి ఏదో అన్నాడు. ఏనుగు నాలుగు అడుగులు వేసింది. అంత పొడవు స్తంభం నేల విడిచి, ఒక క్షణం ఎటు వాలుతుందో తెలియకుండా ఊగి, నిలబడింది. ఆ క్షణంలో ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రీ కళ్ళు స్తంభం మీద లేవు, దూరంగా ఉన్న చెట్ల చిగుళ్ళ మీద ఉన్నాయి. ఎందుకని మామయ్య అడిగితే, "గాలి ఎటేపు నుంచి వస్తాదో ఆకు ముందు సెప్తాది బావూ" అన్నాడు. ఈ మాట నవల మొదటి పుస్తకంలో తొమ్మిదో పేజీలో ఉంది.

సర్కసు మా ఊళ్ళో ఇరవై రోజులు ఉంది. రాత్రి పూట డేరా పైనుంచి తిరిగే సెర్చిలైటు మా పెరటి కొబ్బరిచెట్ల మీదుగా సాగి వెళ్ళేది. రోజుకు మూడు ఆటలు. నేను రెండు ఆటలు చూశాను, ఒకటి నేల టికెట్టు మీద, ఒకటి మామయ్య కుర్చీ టికెట్టు కొని తీసుకువెళ్ళినప్పుడు. వాటి గురించి పెద్దగా చెప్పను, సర్కసు చూసిన ప్రతివారికీ అవి తెలిసినవే. నాకు మిగిలింది పొద్దుటి పూట సర్కసు. తెల్లవారకముందే సాధన మొదలయ్యేది. రంగు దుస్తులు ఉండవు, బ్యాండు ఉండదు, పాత బనియన్లూ పరికిణీలూ వేసుకుని, ఊయల మీద ఊగేవాళ్ళూ తీగ మీద నడిచేవాళ్ళూ ఒకే పనిని పదిసార్లు, ఇరవైసార్లు చేసేవారు. తప్పినప్పుడు వలలో పడి, లేచి, మళ్ళీ నిచ్చెన ఎక్కేవారు. వలలో పడడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని మేస్త్రీ చెప్పాడు. కాళ్ళ మీద పడితే మడమో మోకాలో విరుగుతుంది, బోర్లా పడితే ముఖం తాళ్ళకు కోసుకుపోతుంది; గడ్డం గుండెకు ఆనించి, వీపు మీద పడాలి.

ఒకరోజు సాధన అయ్యాక ఊయల ఆట అమ్మాయి ఒకతె ట్రంకుపెట్టె మీద కూర్చుని చేతులు బాగు చేసుకుంటోంది. ఆమె ఊరు కేరళలోని తలశ్శేరి దగ్గరట. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. అరచేతిలో వేళ్ళ మొదళ్ళ కింద నాలుగు కాయలు వరుసగా గట్టిపడి పసుపుపచ్చగా ఉన్నాయి. మూడో కాయ చిట్లి, లోపలి లేత చర్మం ఎర్రగా కనిపిస్తోంది. ఆమె బ్లేడుతో ఆ కాయ అంచును గోరు తీసినట్టు మెల్లగా తీసి, గిన్నెలోని ఉప్పునీళ్ళలో చెయ్యి ముంచి, పెదవి బిగబట్టి వంద వరకు లెక్కపెట్టుకుంది. తరువాత గుడ్డ పీలిక చుట్టి, ముడిని పంటితో బిగించింది. ఇంటికి వచ్చాక మామయ్య అడిగారు: "ఏం చూశావురా?" పాపం ఆమెకు చాలా నొప్పి పుట్టి ఉంటుందని చెప్పాను. "నొప్పి సంగతి నేను అడగలేదు. చూసింది చెప్పు. బ్లేడు ఏ చేత్తో పట్టుకుంది?" నాకు గుర్తు లేదు. మర్నాడు మళ్ళీ తీసుకువెళ్ళారు. ఎడమ చేత్తో. ఇవాళ నేను ఏ వాక్యం రాసినా ఆ ప్రశ్న నా వెనుక నిలబడి ఉంటుంది.

వంటశాల గురించి ఆయన రసీదుల మీద రాసుకున్న వివరాలు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. ఏ డేగిసాలో ఎంత బియ్యం ఎసట్లో పడుతుంది, కేరళవాళ్ళకూ నేపాలీలకూ బెంగాలీలకూ ఒకే చారు ఎలా సరిపెడతారు, రాత్రి చివరి ఆట అయ్యాక అర్ధరాత్రి ఎవరు ముందు తింటారు, సింహాలకు వారంలో ఒకనాడు పస్తు ఎందుకు పెడతారు, ఏనుగుకు మా ఊరి రావి కొమ్మలు ఎన్ని మోపులు వచ్చాయి అన్నవన్నీ ఆ రసీదుల మీద ఉన్నాయి. నవలలో వీటిలో పదో వంతు కూడా రాలేదు. రాకపోయినా ఆయనకు తెలిసి ఉండాలి. చరిత్ర మీద రాసే నవలకు రాజులూ యుద్ధాలూ మాత్రమే పునాది అనుకునే రోజులవి. అర్ధరాత్రి ఎవరు ముందు అన్నం తింటారన్నది కూడా చరిత్రేనని మామయ్య గట్టిగా నమ్మారు.

ఇరవై ఒకటో నాడు సర్కసు వెళ్ళిపోయింది. ఎత్తడానికి పూట పట్టిన డేరా దింపడానికి మూడు గంటలు పట్టింది. చివరి ఆట జనం ఇళ్ళకు చేరకముందే మోకులు సడలించారు. గుడ్డ గాలి పోసుకున్న తెరచాపలా ఒకసారి ఉబ్బి, నేల మీదికి పరుచుకుంది. తెల్లవారి మేము వెళ్ళేసరికి మైదానంలో రంపపు పొట్టు, ఏనుగు పేడ, చిరిగిన టికెట్టు ముక్కలు, వాటి నడుమ గడ్డి చచ్చి నున్నగా అయిన గుండ్రటి నేల. మామయ్య జేబులోంచి తాడు తీశారు. రింగు మధ్యన మేకు ఉన్న గుంటలో ఒక కొస నన్ను పట్టుకోమని, రెండో కొసతో ఆయన అంచు దాకా నడిచారు. దానికి ముడి వేసి, ఇంటికి తెచ్చి కొలిచారు. ఇరవై ఒక్క అడుగులు.

లండనులో 1768లో గుర్రపు స్వారీ ఆటలు మొదలుపెట్టిన ఫిలిప్ ఆస్ట్లే చివరకు ఖాయం చేసిన కొలత అదే: రింగు అడ్డంగా 42 అడుగులు. పరుగెత్తే గుర్రం ఆ వలయంలో లోపలికి వాలి తిరుగుతుంటే వీపు మీద నిలబడ్డ మనిషికి పట్టు దొరుకుతుందట. అంతకన్నా చిన్నదైతే గుర్రం తిరగలేదు, పెద్దదైతే మనిషి నిలవలేడు. లండనులో పుట్టిన కొలత రెండు వందల ఏళ్ళు దాటాక మహేంద్రతనయ ఒడ్డున గడ్డిలో అచ్చు పడి ఉండడం మామయ్యను ఎంత కదిలించిందో మాటల్లో చెప్పలేను. ఆ సాయంత్రమే నవల కోసం ఆయన మొదటి రసీదు వెనక్కి తిప్పారు.

మన దేశంలో సర్కసు ఎలా మొదలైందో ఆయన పాత పత్రికలూ పుస్తకాలూ వెతికి కూడబెట్టుకున్నారు. 1879-80లో చియారిని అనే ఇటలీ దొర తన సర్కసుతో బొంబాయి వచ్చాడు. మహారాష్ట్రలోని కురుంద్వాడ్ సంస్థానంలో గుర్రాల శిక్షణ చూసే విష్ణుపంత్ ఛత్రే ఆ ఆటను చూసి, ఇది మేమూ చేయగలమన్నాడు. 1880 మార్చి 20న బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కస్ మొదటి ఆట ఆడింది. ఛత్రే సంగీతం నేర్చినవాడు. గ్వాలియరు ఘరానా గాయకుడు రహిమత్ ఖాన్‌ను తన కంపెనీతో పాటు ఊరూరా తిప్పాడు. పులుల గర్జనల మధ్య ఖయాల్ పాడే ఆ గాయకుడి మీద మామయ్యకు ఎంత మమకారమంటే, ఆయన కోసమే రెండో పుస్తకంలో పదహారు పేజీలు రాశారు. అవి కథకు అడ్డం వస్తాయని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తీసేయడానికి మాత్రం చెయ్యి రాదు. ఛత్రే సర్కసు తలశ్శేరి వెళ్ళినప్పుడు అక్కడ కసరత్తులు నేర్పే కీలేరి కుఞ్ఞికణ్ణన్‌తో పరిచయం కలిసింది. 1901లో కుఞ్ఞికణ్ణన్ సర్కసు విద్యకే ఒక బడి పెట్టాడు. దేశంలో ఏ సర్కసు డేరాలోకి వెళ్ళినా మలయాళం వినిపించడానికి మూలం అక్కడ ఉంది.

అయితే మామయ్య నవల బొంబాయిలోనూ తలశ్శేరిలోనూ మొదలు కాదు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను కింద మొదలవుతుంది. పొడవాటి మాను చివర కట్టిన పీఠంలో పూజారి కూర్చుంటే, ఆ మాను ఆకాశంలో ఊగుతూ కోట వైపు సాగుతుంది. ఆ జనంలో ఒక దొమ్మరి పిల్ల తండ్రి భుజాల మీద కూర్చుని పైకి చూస్తూ ఉంటుంది. అమ్మవారి పేరే ఆమెకు పెట్టారు, పైడి. గడ ఎక్కడం, తాడు మీద నడవడం, డప్పు దరువుకు గాలిలో పల్టీ కొట్టడం పాలతో పాటు వచ్చిన పిల్ల. సర్కసు దొరలతో వచ్చిందనీ, మనవాళ్ళు దానిని చూసి నేర్చుకున్నారనీ చెప్పడం సగం నిజమేనని మామయ్య వాదం. రింగూ గుర్రమూ బ్యాండూ బయటి నుంచి వచ్చాయి. గడ, తాడు, మొగ్గలు వేయడం మన ఊళ్ళ నాలుగు దారుల కూడలిలో ఎప్పటి నుంచో ఉన్నాయి. డేరాలోపల డబ్బిచ్చి చూసి చప్పట్లు కొట్టిన జనమే వీధిలో అదే విద్యకు గుప్పెడు గింజలు విదిల్చి, ఆ కులాన్ని దూరం పెట్టారు. ఈ మాట రాసేటప్పుడు మామయ్య కలం గట్టిగా నొక్కేవారు. రసీదు అవతలి వైపున ఉబ్బెత్తుగా తగిలేది.

ఆ కాలపు సర్కసు కథ మా ప్రాంతంలో రాస్తే కోడి రామమూర్తి నాయుడి పేరు రాకుండా ఉండదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, నేర్పి, సొంత సర్కసు నడిపిన మనిషి. ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంపడం, రెండు వైపులా కట్టిన మోటారు కార్లను కదలకుండా ఆపడం, గుండె మీద ఏనుగును ఎక్కించుకోవడం చూసినవాళ్ళు ఆయనను కలియుగ భీముడన్నారు. మా డేరా మేస్త్రీ పన్నెండేళ్ళ పిల్లవాడిగా ఆ ఆట చూసి, ఆ రాత్రి ఇంటికి వెళ్ళనే లేదట. అమ్మ ముఖం మళ్ళీ చూసింది ఆరేళ్ళకు. "గొలుసు తెగిన సప్పుడు ఇప్పటికీ ఇనిపిస్తాది బావూ" అనేవాడు. ఇంత ఉన్నా మామయ్య రామమూర్తిని నవలలో పాత్రగా మాట్లాడించలేదు. బతికిన మనిషి నోట్లో తాను పుట్టించిన మాట పెట్టడం ఆయనకు సమ్మతం కాదు. పాత్రలు ఆయన గురించి మాట్లాడుకుంటాయి, ఆయన ఆటకు వెళ్ళి వస్తాయి, చివరి పుస్తకంలో 1942లో ఆయన బలంగీరులో కన్నుమూశాడన్న కబురు వింటాయి. అంతే. వీరఘట్టం బిడ్డ ఒడియా గడ్డ మీద పోయాడన్నది మామయ్యకు చిన్న విషయం కాదు. మేమూ అలా రెండు గడ్డల మీద బతికినవాళ్ళమే.

భాష దగ్గర ఆయన చాలా రోజులు ఆగిపోయారు. సర్కసులో మలయాళీ రింగ్ మాస్టరు పులితో హిందీలో మాట్లాడతాడు, మావటి ఏనుగుతో మరో భాషలో, వంటవాడు అందరితోనూ అన్నీ కలిపి. ఇదంతా తెలుగు నవలలో ఎలా వినిపించాలి? అందరి చేతా బడిపంతులు తెలుగు పలికిస్తే డేరా కూలిపోతుందని ఆయన భయం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, సవర భాషకు నిఘంటువు తయారైన ఊరు. ఆ ఊళ్ళో కూర్చుని జనం మాటను జనం మాటగా రాయకపోతే తప్పని మామయ్య అనేవారు. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. కథ చెప్పే గొంతు నిండైన రాత భాషలో నడుస్తుంది. పాత్ర నోరు విప్పితే మాత్రం అది పుట్టిన ఊరు వినిపించాలి. బొబ్బిలివాడు బొబ్బిలివాడిలాగే మాట్లాడతాడు. మలయాళీ పాత్రకు తెలుగు వచ్చు గాని వాక్యం చివర క్రియ కాస్త తడబడుతుంది. నేను తేటప్రతిలో "సూస్తన్నారు"ను "చూస్తున్నారు" అని దిద్దిన చోటల్లా ఎర్ర సిరా పడింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రకరణం మూడో పుస్తకం చివర ఉంది. 1936 మార్చి 31 రాత్రి. నవలలోని కంపెనీ పర్లాకిమిడిలో ఆడుతోంది. మర్నాడు ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడుతుంది, మద్రాసు రాష్ట్రంలో ఉన్న మా ఊరు అందులో చేరుతుంది. ఆట ముగిసి డేరా దింపుతున్నారు. ఖలాసీ ఒకడు మేకు పెకలించి చేతిలో పట్టుకుని ఉండగా కోట గంట పన్నెండు కొడుతుంది. మామయ్య వాక్యం ఇది: "సాయంత్రం మద్రాసు రాష్ట్రంలో దిగిన మేకు, ఉన్న చోటు నుంచి అంగుళమైనా కదలకుండా, ఒడిశాలోంచి ఊడి వచ్చింది." దాని తరువాతి పేరాలో ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయే ఒక వృద్ధ పండితుడి గురించి రెండే మాటలు ఉంటాయి, పేరు ఉండదు. మా ఊరివాళ్ళకు పేరు అక్కర్లేదు. ఆ పేజీ తేటప్రతి రాసిన రాత్రి మా తాతయ్య దానిని మామయ్య చేత రెండుసార్లు చదివించుకుని, ఏమీ అనకుండా లేచి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు.

నాలుగో పుస్తకంలో పైడి పడిపోతుంది. ఆ ప్రకరణానికి మూలం మేస్త్రీ చెప్పిన ఒక సంగతి. వల ఒక చోట తెగితే కొత్త తాడుతో అతుకు వేశారు. పాత తాడు సాగుదల వేరు, కొత్త తాడు సాగుదల వేరు. ఆ అతుకు మీద పడిన మనిషిని వల పైకి ఎగరవేయడానికి బదులు పక్కకు విసిరేసింది. తప్పు ఊగినవాడిది కాదు, పట్టుకున్నవాడిది కాదు, రెండు తాళ్ళ వయసుల మధ్య ఉన్న తేడాది. మామయ్య దీనిని ముప్ఫై పేజీలు రాశారు. వల అల్లిక, ముళ్ళ లెక్క, ఆ పూట బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉండడం, జోకర్లు రింగులోకి పరుగెత్తి జనం చూపు మళ్ళించడం ఉన్నాయి అందులో. పైడి బతుకుతుంది. మళ్ళీ ఊయల ఎక్కదు.

1979లో ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. మామయ్య ఆరు పుస్తకాలనూ గోనెగుడ్డలో పెట్టి, తన చేతులతో కుట్టి, లక్క ముద్ర వేసి పంపారు. ఎనిమిది నెలల తరువాత పార్సెల్ తిరిగి వచ్చింది. సర్కసు వివరాలు ఎక్కువ, కథ తక్కువ అని ఒక చీటీ, లోపల ఐదు పుస్తకాలు. చిత్తుప్రతి రసీదులు లేవు. తేటప్రతి అయిపోయిన కట్టను అయిపోయినట్టు అమ్మమ్మ నీళ్ళ పొయ్యిలో వేసేది, అందుకు మామయ్యే ఒప్పుకున్నారు. మూడు ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. సెలవు పెట్టి స్వయంగా వెళ్ళారు. ఒకరు మరొకరి మీదికి చూపించారు. ఎక్కడెక్కడివాళ్ళ తప్పిపోయిన పార్సెళ్ళను రిజిస్టర్లు తిరగేసి వెతికి పట్టుకుని చేతికిచ్చిన మనిషి, తన పుస్తకం దొరక్క ఖాళీ చేతులతో చిన్న రైలు దిగి ఇంటికి రావడం నేను చూశాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మళ్ళీ రాయమని నేను చాలాసార్లు అడిగాను. నాకు గుర్తున్నంత నేనే చెబుతానన్నాను. ఆయన ఒకే మాట అన్నారు: "మళ్ళీ రాస్తే ఆ పిల్ల మళ్ళీ పడాలి కదరా."

తరువాతి కాలంలో సర్కసులు మా వైపు రావడం తగ్గింది. వచ్చినవి చిన్నవి. 1998లో కేంద్ర ప్రభుత్వం పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలు ఆడించడాన్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. ఆ వార్త మామయ్యకు నేనే చదివి వినిపించాను. సర్కసును అంతగా ప్రేమించిన మనిషి బాధపడతారేమో అనుకున్నాను. "మంచిదే" అన్నారు. బోనులో పులి అటూ ఇటూ అదే నాలుగు అడుగులు తిరగడం ఆయన నవలలో ఉంది. రింగులో దాని ఆట గురించి ఆయన ఒక్క వాక్యం కూడా రాయలేదని అప్పుడు గాని నేను గమనించలేదు. 2003లో ఆయన పోయారు. మరుసటి ఏడాది చిన్న రైలు ఆగిపోయింది, ఆ దారిన పెద్ద పట్టాలు పడ్డాయి. 2011లో సర్కసుల్లో పిల్లలను పనికి పెట్టకూడదని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు నేను రెండో పుస్తకం తీసి ఒక ప్రకరణం మళ్ళీ చదివాను. ఎనిమిదేళ్ళ పైడిని కంపెనీకి అప్పగిస్తూ ఆమె తండ్రి ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేస్తాడు. ఎన్నేళ్ళకో ఆ కాగితంలో రాసి ఉంటుంది. అతనికి చదవడం రాదు, అడగడానికి నోరు రాదు. సిరా అంటిన బొటనవేలిని పంచెకు తుడుచుకోకుండా, ఇల్లు చేరే దాకా అలాగే చాపి పట్టుకుని నడుస్తాడు.

ఇప్పుడు ఆ పుస్తకాలను నేను కంప్యూటరులో ఎక్కిస్తున్నాను. కాగితం అంచులు పొడిపొడి అవుతున్నాయి, ఎర్ర సిరా గులాబి రంగుకు వచ్చింది. మూడు పుస్తకాలు అయ్యాయి. పాత్రల మాటలను ఈసారి దిద్దలేదు. నాలుగో దానిని నా జ్ఞాపకంతో పూరించాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ముప్ఫై పేజీలలో నాకు మాటకు మాట గుర్తున్నవి పదకొండు వాక్యాలు. వాటిని రాసి, కింద రెండు తెల్ల పేజీలు వదిలేశాను.

నిన్న ఐదో పుస్తకం మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న మా మనవరాలు తెర మీద చదువుతోంది. ఐదో పుస్తకం మొదటి వాక్యం: "పైడి దారానికి మైనం రాసి, దబ్బనంలోకి ఎక్కించి, చిరిగిన డేరా గుడ్డను ఒళ్ళోకి లాక్కుంది." అది చదివి, "తాతయ్యా, ఈమె ఊయల మీద కదా ఆడేది, కుట్టుపనికి ఎందుకొచ్చింది?" అని అడిగింది. కీబోర్డు పక్కకు జరిపి, వల అల్లిక దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.